కొత్త బ్రౌజర్ వచ్చిందంటే వాళ్లెందుకు గొడవ చేస్తారు? అందులో మన ఇంటికి పనికొచ్చేదెంత?

కంప్యూటర్ మూలన చిన్న డబ్బా వస్తుంది. "కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది, ఇప్పుడే అప్‌డేట్ చేయాలా?" అని అడుగుతుంది. మన ఇళ్లల్లో చాలామంది చేసే పని ఒక్కటే. "తర్వాత" అని నొక్కి పనిలో పడిపోతారు. ఇంకేదైనా కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు పెద్ద షరతుల పత్రం వస్తే, కిందిదాకా జరిపి "సమ్మతమే" అని నొక్కేస్తారు. ఒక్క లైను కూడా చదవరు.

అయితే ఆ షరతులను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాళ్లు కొందరున్నారు. మైక్రోసాఫ్ట్, గూగుల్, ఆపిల్, మొజిల్లా ఏ ప్రకటన చేసినా ఆ రాత్రే దాన్ని వేసుకుని, విప్పి, లోపల ఏముందో చూస్తారు. వాళ్లలో ఉద్యోగులున్నారు, విద్యార్థులున్నారు, సెక్యూరిటీ నిపుణులున్నారు, ఊరికే కంప్యూటర్ షౌక్ ఉన్నవాళ్లూ ఉన్నారు. ఏ కొత్త ప్రకటన వచ్చినా వీళ్లు గొడవ చేస్తారు. "ప్రతిదానికీ అరుస్తారు, వీళ్లకేం పనిలేదు" అని బయటివాళ్లకు అనిపిస్తుంది.

నిజంగా పనిలేని గొడవేనా? గత కొన్నేళ్లలో జరిగిన సంగతులు చూస్తే, వాళ్లు అరిచిన కొన్నిసార్లు మన ఇంటి గుట్టు కాపాడబడింది. కొన్నిసార్లు ఎంత అరిచినా ఎవరూ వినలేదు. ఇంకొన్నిసార్లు వాళ్ల సలహా వింటే మనకే నష్టం. ఏది ఏదో విడమరిచి చూద్దాం.

ప్రతి కొన్ని సెకన్లకు ఒక ఫొటో

2024 మే 20న మైక్రోసాఫ్ట్ "రీకాల్" అనే కొత్త సదుపాయాన్ని ప్రకటించింది. కోపైలట్ ప్లస్ అనే కొత్త రకం కంప్యూటర్లలో ఇది వస్తుందని చెప్పింది. అది చేసే పని ఏంటంటే, మీరు కంప్యూటర్ వాడుతున్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి తెరను ఫొటో తీసి దాచిపెడుతుంది. ఆ ఫొటోల్లోని అక్షరాలను చదివి జాబితా తయారు చేసుకుంటుంది. పోయిన నెల ఎక్కడో చూసిన ఒక చీర ధరో, చదివిన ఒక ఉద్యోగ ప్రకటనో గుర్తు రాకపోతే, రీకాల్‌ను అడిగితే వెతికి చూపిస్తుంది. ఫొటోలు కంపెనీ సర్వర్‌కు పోవు, మీ కంప్యూటర్‌లోనే ఉంటాయి అని కంపెనీ చెప్పింది.

వినడానికి బాగుంది. కానీ షౌక్ ఉన్నవాళ్లు వెంటనే అడిగిన ప్రశ్న వేరు. ఆ ఫొటోల్లో బ్యాంకు బ్యాలెన్సు కూడా ఉంటుంది కదా? డాక్టరు పంపిన రిపోర్టు ఉంటుంది. అక్క తన సమస్య గురించి అమ్మీకి రాసిన మెసేజ్ ఉంటుంది. ఇవన్నీ ఒకేచోట పోగుపడితే, ఆ కంప్యూటర్ ఎవరి చేతికి చిక్కితే వాళ్లకు ఆ ఇంటి గుట్టంతా చిక్కినట్టే.

కొందరు సెక్యూరిటీ నిపుణులు మాటలతో ఆగలేదు. రీకాల్ ముందస్తు వెర్షన్‌ను సంపాదించి విప్పి చూశారు. తెర మీద చదివిన అక్షరాలన్నీ ఒక మామూలు డేటాబేస్ ఫైల్‌లో ఉన్నాయని, కంప్యూటర్ తెరిచి ఉన్నప్పుడు వాటిని తేలిగ్గా చదవొచ్చని చూపించారు. అంటే లోపలికి దూరిన ఒక వైరస్‌కు వెతికే శ్రమ కూడా ఉండదు. కంపెనీయే అన్నీ పేర్చి పెట్టింది. బ్రిటన్‌లో వ్యక్తిగత సమాచార రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ కూడా మైక్రోసాఫ్ట్‌ను వివరాలు అడిగింది.

ఫలితం మూడు వారాల్లోనే కనిపించింది. జూన్ 7న మైక్రోసాఫ్ట్ వెనక్కి తగ్గింది. మనం కావాలని ఆన్ చేసుకుంటేనే రీకాల్ పనిచేస్తుందని, తెరవాలంటే ముఖమో వేలిముద్రో పిన్నో చూపాలని చెప్పింది. జూన్ 13న మరో మాట చెప్పింది. జూన్ 18న కొత్త కంప్యూటర్లతో పాటు రీకాల్ రాదు, ముందు పరీక్షించేవాళ్లకే ఇస్తాం అంది. చివరికి అది మామూలు వాడకందారులకు వచ్చింది 2025 ఏప్రిల్‌లో. దాదాపు ఏడాది ఆలస్యం.

ఆ తర్వాత కూడా షౌక్ ఉన్నవాళ్లు ఊరుకోలేదు. సిగ్నల్ మెసేజింగ్ యాప్ తన చాట్‌లను రీకాల్ ఫొటో తీయకుండా 2025 మేలో అడ్డుకట్ట వేసుకుంది. బ్రేవ్ బ్రౌజర్ కూడా అదే దారి పట్టింది.

మన ఇళ్లకు ఇది ఎందుకు ముఖ్యం? అమెరికాలో ఒక మనిషికి ఒక కంప్యూటర్ ఉండొచ్చు. మన దగ్గర ఒక ఇంటికి ఒకటే. అబ్బా లెక్కలు, భాయ్ ఉద్యోగ దరఖాస్తులు, చెల్లి స్కాలర్‌షిప్ ఫారం, అన్నీ దాంట్లోనే. ఒకరి గుట్టు మరొకరికి తెలియకుండా ఉండటం కూడా ఒక హక్కే, అది అమానత్. ప్రతి కొన్ని సెకన్లకు ఫొటో తీసే యంత్రం అందరూ కూర్చునే కుర్చీ ముందు ఉంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ గొడవ జరగకపోతే రీకాల్ మనం కోరకుండానే ఆన్ అయి వచ్చేది.

సంతకం పెట్టే ముందు చదివేవాళ్లు

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ సూరె బఖరాలో ఉంది. అది చెప్పేది అప్పు, లావాదేవీల గురించి. రాసిపెట్టుకోవాలి, సాక్షులుండాలి అని అందులో ఉంటుంది. చిన్న మొత్తమైనా రాసుకోవడానికి బద్ధకించకూడదని కూడా ఉంది. ఒప్పందం అంటే అంత పట్టింపు ఉన్న సమాజం మనది. చిట్టీ కట్టేటప్పుడు, స్థలం కొనేటప్పుడు కాగితం చదివి వినిపించమని పెద్దవాళ్లు అడుగుతారు. కానీ బ్రౌజర్ దగ్గరికి వచ్చేసరికి ఎవరూ చదవరు. అదీ ఒప్పందమే అన్న సంగతి మనకు తట్టదు.

2008 సెప్టెంబర్ 2న గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌ను మొదటిసారి విడుదల చేసింది. అది ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఒక బొమ్మల కథల పుస్తకం కూడా వేయించింది. అందరూ వేగం గురించి మాట్లాడుకుంటుంటే, షౌక్ ఉన్నవాళ్లు షరతుల పత్రం తెరిచారు. అందులో 11వ అంశం చూసి ఉలిక్కిపడ్డారు. క్రోమ్ ద్వారా మీరు పెట్టే, పంపే, చూపించే విషయాలను వాడుకోవడానికి గూగుల్‌కు శాశ్వతమైన, తిరిగి రద్దు చేయలేని అనుమతి ఇస్తున్నట్టు అందులో ఉంది. అంటే మీరు బ్రౌజర్‌లో రాసిన ఉత్తరం మీద కంపెనీకి కూడా హక్కు వచ్చినట్టు అర్థం తీయొచ్చు.

గోల మొదలైంది. గూగుల్ వెంటనే సర్దుకుంది. తమ మిగతా సేవలకు వాడే మామూలు షరతులనే ఇక్కడా పెట్టేశామని, అది పొరపాటని చెప్పి, ఆ అంశాన్ని మార్చేసింది. వెనకటి తేదీ నుంచే మార్పు వర్తిస్తుందని కూడా చెప్పింది.

పదహారేళ్లు దాటాక దాదాపు అదే కథ మళ్లీ నడిచింది. ఈసారి ఫైర్‌ఫాక్స్. దాన్ని తయారుచేసే మొజిల్లా లాభం కోసం పనిచేయదని, వాడకందారుల గోప్యత దానికి ముఖ్యమని పేరుంది. 2025 ఫిబ్రవరి చివరి వారంలో అది ఫైర్‌ఫాక్స్‌కు మొదటిసారి వాడకం షరతులు ప్రకటించింది. మీరు బ్రౌజర్‌లో టైప్ చేసే సమాచారాన్ని వాడుకునే అనుమతి మాకు ఇస్తున్నారు అన్నట్టుగా అందులో ఒక వాక్యం ఉంది. పైగా "మీ సమాచారాన్ని ఎప్పుడూ అమ్మం" అనే పాత మాట ఒక పేజీలోంచి కనిపించకుండా పోయింది.

ఎన్నో ఏళ్లుగా ఫైర్‌ఫాక్స్‌నే వాడుతున్నవాళ్లకు ఇది బాగా గుచ్చుకుంది. బయటివాడు మోసం చేస్తే ఒక రకం, నమ్మినవాడు మాట మారిస్తే ఇంకో రకం. మొజిల్లా కొద్ది రోజుల్లోనే ఆ వాక్యాన్ని తిరగరాసింది. మీ సమాచారం మీదే, దానిపై మాకు యాజమాన్యం రాదు అని స్పష్టం చేసింది. "అమ్మడం" అనే మాటకు కొన్ని చోట్ల చట్టం చాలా విస్తారమైన అర్థం ఇస్తోందని, అందుకే ఆ పాత హామీని అదే మాటల్లో ఇవ్వలేకపోతున్నామని వివరణ ఇచ్చుకుంది.

రెండు కథల్లోనూ మార్పు తెచ్చింది కోర్టు కాదు, ప్రభుత్వం కాదు. కాగితం చదివిన కొన్ని వేలమంది. చదవని కోట్లమందికి కూడా ఆ మార్పు వర్తించింది.

ఎంత అరిచినా ఆగనిది

ప్రతిసారీ ఇలా జరగదు. జరగనిదానికి పెద్ద ఉదాహరణ క్రోమ్‌లో ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ల గొడవ.

ఎక్స్‌టెన్షన్ అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న పరికరం. వాటిలో బాగా పేరున్నది యూబ్లాక్ ఆరిజిన్. ఉచితం. వెబ్ పేజీల్లో వచ్చే ప్రకటనలను, మన వెంట పడే ట్రాకర్లను, కొన్ని మోసపు పేజీలను కూడా ఆపేస్తుంది. పిల్లలు హోంవర్క్ కోసం ఏదో వెతికితే పక్కన అసభ్యమైన బొమ్మలో, జూదం ప్రకటనలో రావడం తల్లిదండ్రులందరికీ తెలిసిన బాధే. అలాంటివి రాకుండా చేయడానికి చాలా ఇళ్లల్లో ఇది వాడతారు.

2018 చివర్లో గూగుల్ ఎక్స్‌టెన్షన్లకు కొత్త నిబంధనల ముసాయిదా బయటపెట్టింది. దాని పేరు మానిఫెస్ట్ వీ3. తేడా ఏంటో ఇలా అర్థం చేసుకోవచ్చు. ఇంతకుముందు మీ ఇంటి గేటు దగ్గర మీ సొంత మనిషి నిలబడి, వచ్చే ప్రతి ఒక్కరినీ చూసి, అనుమానం వస్తే అక్కడికక్కడే ఆపేవాడు. కొత్త పద్ధతిలో మీ మనిషి గేటు దగ్గర ఉండకూడదు. ఎవరిని ఆపాలో ముందే ఒక జాబితా రాసి కాలనీ వాచ్‌మన్‌కు ఇవ్వాలి. ఆపే పని వాచ్‌మన్‌దే. జాబితాకూ హద్దులున్నాయి. కొత్త వేషంలో వచ్చినవాడిని పట్టుకోవడం కష్టమవుతుంది.

గూగుల్ చెప్పిన కారణం భద్రత, గోప్యత, వేగం. ఇందులో నిజం లేకపోలేదు. ప్రతి పేజీని చూడగలిగే ఎక్స్‌టెన్షన్ చెడ్డవాడి చేతిలో ఉంటే పాస్‌వర్డ్‌లు కూడా చూడగలదు. అలాంటి దొంగ ఎక్స్‌టెన్షన్లు ఎన్నో దొరికాయి కూడా. కానీ షౌక్ ఉన్నవాళ్లు ఇంకో లెక్క కూడా వేశారు. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయంలో సింహభాగం ప్రకటనల నుంచే వస్తుంది. ప్రకటనలు అమ్మేవాడే బ్రౌజర్ తయారుచేస్తే, ప్రకటనలు ఆపే పరికరానికి చోటు తగ్గడంలో వింత ఏముందని అడిగారు.

ఐదారేళ్లు వాదన నడిచింది. గూగుల్ కొన్ని హద్దులను సడలించింది, గడువును చాలాసార్లు వాయిదా వేసింది. అంతే, ఆగలేదు. 2024 జూన్ నుంచి పాత ఎక్స్‌టెన్షన్లను దశలవారీగా తీసేయడం మొదలుపెట్టింది. 2025 మధ్యకల్లా మామూలు వాడకందారుల క్రోమ్‌లో పాత యూబ్లాక్ ఆరిజిన్ పనిచేయడం ఆగిపోయింది. దాని స్థానంలో అదే రచయిత చేసిన "లైట్" వెర్షన్ ఉంది. కొంత పని చేస్తుంది, పూర్తి బలం లేదు. పూర్తి వెర్షన్ కావాలంటే ఫైర్‌ఫాక్స్‌లో ఇప్పటికీ నడుస్తుంది.

ఇక్కడ గొడవ ఎందుకు గెలవలేదు? ఒక కారణం లెక్కల్లోనే కనిపిస్తుంది. ప్రపంచంలో బ్రౌజర్ వాడేవాళ్లలో సుమారు మూడింట రెండు వంతులమంది క్రోమ్‌లోనే ఉన్నారు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్, ఒపేరా, బ్రేవ్ పేర్లు వేరైనా లోపలి ఇంజిన్ క్రోమియమే, అంటే క్రోమ్‌కు వాడేదే. ఒపేరా 2013లో సొంత ఇంజిన్ వదిలేసింది. మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబర్‌లో అదే నిర్ణయం ప్రకటించింది. మిగిలిన ఫైర్‌ఫాక్స్‌కు వచ్చే డబ్బులో పెద్ద భాగం, తన సెర్చ్‌ను ముందు పెట్టినందుకు గూగుల్ చెల్లించేదే. బజార్లో పది దుకాణాలున్నట్టు కనిపించినా సరుకు ఒకే గోదాం నుంచి వస్తుంటే ధర గురించి బేరమాడటం కష్టం.

ఈ గుత్తాధిపత్యం మీద అమెరికా కోర్టులో కేసు నడిచింది. సెర్చ్ విషయంలో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలుపుకుందని 2024 ఆగస్టులో జడ్జి అమిత్ మెహతా తీర్పు ఇచ్చారు. క్రోమ్‌ను అమ్మేయమని ఆదేశించాలని అమెరికా ప్రభుత్వం కోరింది. 2025 సెప్టెంబర్ 2న ఆయన ఆ కోరికను ఒప్పుకోలేదు. క్రోమ్ గూగుల్ దగ్గరే ఉంది.

షౌక్ ఉన్నవాళ్ల మాట వినకూడని చోటు

వాళ్లు చెప్పే ప్రతి మాటా మన ఇంటికి సరిపోదు. ముఖ్యంగా ఒకటి. "అప్‌డేట్‌లు ఆపేయండి, కంప్యూటర్ నెమ్మదిస్తుంది, పాడవుతుంది" అనే సలహా.

వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10కు వచ్చిన ఒక పెద్ద అప్‌డేట్ కొందరి కంప్యూటర్లలో డాక్యుమెంట్లు, ఫొటోలు మాయం చేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని కొద్ది రోజుల్లోనే ఆపాల్సి వచ్చింది. ఇంకా బాధ ఏంటంటే, ముందుగా పరీక్షించిన ఔత్సాహికుల్లో కొందరు ఈ సమస్యను అంతకుముందే రాసి పంపారు. ఆ కుప్పలో అది ఎవరి కంటా పడలేదు.

కానీ రెండో వైపు చూడాలి. 2017 మేలో వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తెరుస్తానని బెదిరించింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అల్లాడిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లకూ అది సోకింది. ఆ వైరస్ దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికారు. "తర్వాత" అని నొక్కినవాళ్లలో ఎంతోమంది చిక్కారు.

కాబట్టి రెండింటికీ తేడా తెలుసుకోవాలి. నెలనెలా వచ్చే భద్రత అప్‌డేట్‌లు వెంటనే వేసుకోవాలి. కొత్త రూపం, కొత్త సదుపాయాలతో ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కు తొందర లేదు. రెండు మూడు వారాలు ఆగితే, షౌక్ ఉన్నవాళ్లు ముందే వేసుకుని, ఏం పాడైందో చెప్పేస్తారు. ఈలోగా ఫొటోలు, సర్టిఫికెట్లు ఒక పెన్ డ్రైవ్‌లోకో హార్డ్ డిస్క్‌లోకో ఎక్కించి పెట్టుకోవచ్చు.

మన అక్షరాల కోసం జరిగిన గొడవ

ఇదంతా అమెరికా కంపెనీల కథలాగా అనిపించవచ్చు. ఇవాళ మీరు తెలుగులో ఈ అక్షరాలు చదవగలగడం వెనక కూడా ఇలాంటి ఔత్సాహికుల పట్టుదల ఉంది.

ఇరవై ఏళ్ల కిందట తెలుగు దినపత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఫాంట్ వాడేవి. అవి చాలావరకు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే సరిగ్గా కనిపించేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే గజిబిజి గుర్తులు. అప్పుడు తెలుగువాళ్లు "పద్మ" అనే ఎక్స్‌టెన్షన్ తయారుచేశారు. అది ఆ సొంత ఫాంట్ల అక్షరాలను అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. కొత్త బ్రౌజర్ మీద షౌక్, సొంత భాష మీద ప్రేమ కలిస్తే జరిగిన పని అది.

ఉర్దూది ఇంకో పోరాటం. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు చదివే ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో ఉంటుంది. పదం పై నుంచి కిందికి వాలుతూ వస్తుంది. కంప్యూటర్లు, ఫోన్లు చాలాకాలం ఉర్దూను అరబ్బీ తరహా నస్ఖ్‌లోనే చూపించేవి. చదవడం వచ్చినా కళ్లకు పట్టేది కాదు. అందుకే చాలా ఉర్దూ పత్రికలు ఇన్‌పేజ్‌లో పేజీ తయారుచేసి, దాన్ని ఫొటోలాగా సైట్లో పెట్టేవి. ఫొటోలోని మాటను వెతకలేం, కాపీ చేయలేం. ఏళ్లతరబడి వాడకందారులు అడగ్గా అడగ్గా 2012లో విండోస్ 8తో ఉర్దూ టైప్‌సెట్టింగ్ అనే నస్తాలీఖ్ ఫాంట్ వచ్చింది. ఐఫోన్‌లో ఉర్దూకు నస్తాలీఖ్ 2017లో, ఐఓఎస్ 11తో వచ్చింది.

ఇక 2018 ఫిబ్రవరి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. "జ్ఞానం"లో వచ్చే "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో ఐఫోన్‌కు మెసేజ్‌గా వస్తే, ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఎవరో ఆకతాయి ఆ అక్షరం పంపితే చాలు, మెసేజ్‌లు తెరుచుకునేవి కావు. ఔత్సాహికులు దాన్ని బయటపెట్టారు. ఆపిల్ ఫిబ్రవరి 19న అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన అక్షరాన్ని సరిగ్గా పరీక్షించకుండా అంత పెద్ద కంపెనీ ఫోన్ బజారులోకి వచ్చిందన్న సంగతి అలా లోకానికి తెలిసింది.

ఇప్పుడు మన ముందున్న రెండు విషయాలు

మొదటిది విండోస్ 10. 2015లో అది వచ్చినప్పుడు, విండోస్‌లో ఇదే చివరి వెర్షన్ అని మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు ఒక సభలో అన్న మాట బాగా ప్రచారమైంది. 2021 జూన్‌లో విండోస్ 11 ప్రకటన వచ్చింది. దానికి టీపీఎం 2.0 అనే భద్రత చిప్, సుమారు 2018 నుంచి వచ్చిన ప్రాసెసర్లు కావాలన్నారు. బాగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా ఒక్కరోజులో పాతవైపోయాయని పెద్ద గొడవ జరిగింది. కంపెనీ ఆ షరతును సడలించలేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది.

అంటే ఆ కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. రోజూలాగే తెరుచుకుంటుంది. కొత్తగా బయటపడే కన్నాలకు అతుకులు మాత్రం రావు. అయితే గొడవ వల్ల ఒక వెసులుబాటు దొరికింది. ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రత అప్‌డేట్‌లు పొందే పథకం ఉంది. మొదట 30 డాలర్లు కట్టాలన్నారు. విమర్శలు వచ్చాక, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్‌ను బ్యాకప్ చేసుకుంటే ఉచితంగా ఇస్తామన్నారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే చేరే దారి అక్కడే కనిపిస్తుంది.

కాబట్టి "మీ విండోస్ ఎక్స్‌పైర్ అయింది, వెంటనే కొత్తది కొనండి" అని ఎవరైనా అంటే కంగారుపడి అప్పు చేయనక్కర్లేదు. ఆ పేరుతో ఫోన్ చేసి, కంప్యూటర్‌ను మీ చేత దూరం నుంచి తెరిపించుకునేవాళ్లు మోసగాళ్లు. మైక్రోసాఫ్ట్ ఎవరి ఇంటికీ అలా ఫోన్ చేయదు. చదువుకు, వెబ్ చూడటానికి మాత్రమే వాడే పాత కంప్యూటర్‌లో లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేసుకోవచ్చు. టాలీలో దుకాణం లెక్కలు రాసేవాళ్లు, ఇన్‌పేజ్‌లో ఉర్దూ పని చేసేవాళ్లు మాత్రం ఆగాలి. అవి విండోస్ కోసం చేసినవి. లినక్స్‌లో నేరుగా నడవవు. ఇంకా విండోస్ 7 వాడేవాళ్లు మరీ జాగ్రత్తపడాలి. వాళ్లకు క్రోమ్ 2023 ఆరంభంలోనే ఆగిపోయింది. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పని చేయకపోవడమే మంచిది.

రెండోది ఏఐ బ్రౌజర్లు. 2025 జూలైలో పర్‌ప్లెక్సిటీ కంపెనీ కామెట్ తెచ్చింది. అక్టోబర్ 21న ఓపెన్ఏఐ అట్లాస్ తెచ్చింది. ఇవి పేజీ చూపించడంతో ఆగవు. మీరు చెబితే పేజీ చదివి, ఫారం నింపి, టికెట్ కొనే పని కూడా చేయగలవు. షౌక్ ఉన్నవాళ్లలో సగంమంది సంబరపడ్డారు, సగంమంది బెదిరిపోయారు. భయం ఎందుకంటే, ఒక పేజీలో మన కంటికి కనిపించకుండా ఏఐ కోసం దొంగ ఆదేశాలు రాసిపెట్టొచ్చు. ఏఐ వాటిని యజమాని మాటే అనుకుని పాటించే ప్రమాదం ఉంది. కామెట్‌లో అలాంటి లోపాన్ని బ్రేవ్ పరిశోధకులు 2025 ఆగస్టులో బయటపెట్టారు. ఈ సమస్యకు పూర్తి పరిష్కారం ఇంకా లేదని ఓపెన్ఏఐ కూడా ఒప్పుకుంది. పిల్లలు సరదాగా వేసుకుని చూస్తే చూడనివ్వొచ్చు. కానీ ఇంటి బ్యాంకు ఖాతా, ఆధార్, మెయిల్ లాగిన్ అయి ఉన్న చోట దాని చేతికి పని అప్పగించకూడదు.

ఇంట్లో ఈ వారం చేయాల్సినవి

బ్రౌజర్ మెనూలో "గురించి" పేజీ తెరిచి కొత్త వెర్షన్ ఉందో లేదో చూడండి. అప్‌డేట్ అక్కడి నుంచే వేసుకోండి. వెబ్ పేజీలో దూకి వచ్చిన "అప్‌డేట్" బటన్‌నూ, వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌నూ నొక్కొద్దు.

ఎక్స్‌టెన్షన్ల జాబితా తెరవండి. ఎవరు వేశారో తెలియనివి, ఏడాదిగా వాడనివి తీసేయండి.

ఒకే కంప్యూటర్ అయినా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా పెట్టండి. పది నిమిషాల పని, ఖర్చు లేదు.

ఇన్‌కాగ్నిటో కిటికీ అంటే ఎవరికీ కనిపించమని అనుకోవద్దు. ఆ కంప్యూటర్‌లో చరిత్ర మిగలదు, అంతే. ఈ విషయం మీద అమెరికాలో నడిచిన కేసులో గూగుల్ 2024లో రాజీకి వచ్చి, పోగుచేసిన పాత సమాచారాన్ని చెరిపేయడానికి ఒప్పుకుంది.

కొత్త కంప్యూటర్ కొంటే సెట్టింగ్స్‌లో గోప్యత విభాగం తెరిచి, రీకాల్ ఉంటే అది ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

మన బంధువుల్లో, మొహల్లాలో కంప్యూటర్ షౌక్ ఉన్న కుర్రాడో అమ్మాయో ఒకరు ఉండే ఉంటారు. రాత్రంతా దాని ముందే కూర్చుంటాడని మనం తిట్టేది వాళ్లనే. ఈసారి కొత్త ప్రకటన ఏదైనా వస్తే, ఒక కప్పు చాయ్ ఇచ్చి, "బేటా, ఇందులో మనకు తెలియాల్సింది ఏముంది?" అని అడగండి. వాళ్లు షరతుల పత్రం చదివే ఉంటారు.